నెత్సుకే కొనేవారి పరికరాలు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

పాత జపాన్ నెత్సుకేల మీద డబ్బు పెట్టాలనుకునేవారు దాంట్లో కొంచెం ముందుగా పరికరాల కోసం పక్కన పెట్టుకోవాలి. అంగుళంన్నర బొమ్మలో అసలుకీ నకలుకీ ఉన్న తేడా చాలాసార్లు అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. అది ఉత్త కంటికి ఆనదు. ఈ సేకరణలోకి కొత్తగా వచ్చేవారికి సాధారణంగా నాలుగు వస్తువులు కొనమని చెబుతుంటారు: 10ఎక్స్ (పదిరెట్లు పెద్దగా చూపే) భూతద్దం, యూవీ (అతినీలలోహిత) టార్చి, గ్రాముల త్రాసు, తేమ మీటరు. ఈ నాలుగూ నెత్సుకే చూడటానికీ, దాచుకోవడానికీ ఎంతవరకు అక్కరకొస్తాయో ఇక్కడ రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. భూతద్దం లేకుండా కొనుగోలు జోలికి పోవద్దు. టార్చి మంచిదే, కానీ చదవడం రాకపోతే తప్పుదారి పట్టిస్తుంది. త్రాసు దండగ. తేమ మీటరు అవసరం మొదటి బొమ్మ ఇంటికొచ్చిన రోజు నుంచే మొదలవుతుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఎడో కాలంలో (1603–1868) జపాన్ మగవాళ్ళు పొగాకు సంచినో, మందులు పెట్టుకునే ఇన్రోనో తాడుకి కట్టి, ఆ తాడును ఒబీ అనే నడికట్టు కింద నుంచి దూర్చి వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా పైకొసన కట్టిన చిన్న చెక్కడమే నెత్సుకే. తాడు దూరే రంధ్రాల పేరు హిమొతోషి. ఏనుగు దంతం, త్సుగే (బాక్స్‌వుడ్) కర్ర, జింక కొమ్ము, అడవిపంది కోర, లక్క, ఎముక ఇలా చాలా పదార్థాల్లో చెక్కారు. రోజూ నడుము దగ్గర రాసుకుంటూ వాడిన వస్తువు కాబట్టి, ఆ వాడకం గుర్తులు దాని ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఈ పరికరాలతో వెతికేది ఆ గుర్తుల్నే.

10ఎక్స్ ట్రిప్లెట్ భూతద్దం

ట్రిప్లెట్ అంటే మూడు గాజు పలకలు కలిపి అతికించిన లెన్సు. ఒంటి గాజు భూతద్దంలో అంచుల దగ్గర బొమ్మ వంగుతుంది, గీతల చుట్టూ రంగు అంచులు కనబడతాయి. దంతం పొర గీతలు చూడాల్సిన చోట ఆ రంగు అంచులే గీతలని పొరబడే ప్రమాదముంది. ట్రిప్లెట్‌లో రెండు లోపాలూ దాదాపు ఉండవు. 18 నుంచి 21 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది తీసుకోండి. అంతకన్నా చిన్నదైతే ఒకేసారి కనబడే మేర మరీ తక్కువ.

10ఎక్స్ చాలు. 20ఎక్స్ కొనాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది, కానీ నెత్సుకేకి అది అడ్డంకే. 10ఎక్స్ లెన్సుకు వస్తువు సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, 20ఎక్స్‌కు అందులో సగం. నెత్సుకే గుండ్రని వస్తువు, మడతల మధ్య లోతులుంటాయి. అంత దగ్గరికి లెన్సు వెళితే వెలుగు పడటానికి చోటుండదు. స్పష్టంగా కనబడే లోతు కూడా తగ్గి, చూపంతా ఒక సన్నని పొర దగ్గరే ఆగిపోతుంది.

చవక భూతద్దాల మీద "30ఎక్స్ 21 మి.మీ." అని అచ్చేసి ఉంటుంది. నమ్మకండి. పరీక్ష తేలిక: పగటిపూట కిటికీకి ఎదురుగోడ దగ్గర లెన్సు పట్టుకుని, దూరంగా ఉన్న చెట్టో మేడో గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడేదాకా ముందుకూ వెనక్కూ జరపండి. లెన్సుకీ గోడకీ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, 250ని దాంతో భాగించండి. సుమారు 25 మిల్లీమీటర్లు వస్తే అది 10ఎక్స్. నిజమైన 30ఎక్స్ అయితే 8 మిల్లీమీటర్ల చిల్లర రావాలి. 30 అని రాసి ఉన్నవాటిలో చాలావరకు 10 దగ్గరే తేలతాయి. పనికి 10 చాలు కాబట్టి అందులో నష్టం లేదు, కానీ అబద్ధపు అంకె వేసినవాడు మంచి గాజు వేసి ఉంటాడనుకోవడం కష్టం.

భూతద్దానికే ఎల్ఈడీ దీపాలు అమర్చిన రకం కూడా నాకు నచ్చదు. వెలుగు నేరుగా ఎదురుగా పడి, నున్నటి దంతం మీద తెల్లటి మెరుపుగా తిరిగొస్తుంది. చెక్కిన లోతులన్నీ చదునుగా కనబడతాయి. దీపం లేని లెన్సు కొని, పక్క నుంచి ఏటవాలుగా మామూలు టార్చి వెలుగు వేస్తే ఉలి గుర్తులకు నీడ వచ్చి లేచి కనబడతాయి. లెన్సును కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకోండి, కదపాల్సింది బొమ్మని. బల్ల మీద మెత్తటి గుడ్డ పరవడం మరవద్దు. జారిపడి చెవో తోకో విరిగిన నెత్సుకేకి విలువ బాగా పడిపోతుంది.

చూడాల్సిన వరుస ఒకటుంది, ముఖంతో మొదలుపెట్టొద్దు. ముందు హిమొతోషి. పాతవాటిలో చాలావరకు రెండు రంధ్రాల్లో ఒకటి పెద్దదిగా ఉంటుంది, తాడు ముడి అందులో దాగాలి కనుక. తాడు లాగిన వైపు అంచు గుండ్రంగా అరిగి మెరుస్తుంది, రెండో వైపు అంత అరగదు. నకలులో రెండూ ఒకే కొలతలో, అంచులు పదునుగా, బొమ్మ అడుగున సరిగ్గా మధ్యలో ఉంటాయి. లోపల గోధుమరంగు పూత అంతటా ఒకేలా ఉంటుంది. రంధ్రాలున్న చోటుని బట్టి తాడు దూర్చి వేలాడదీస్తే బొమ్మ ముఖం బయటికి తిరగాలి. తలకిందులుగానో, ముఖం ఒంటివైపుకో తిరిగితే అది వాడకానికి చేసింది కాకపోవచ్చు. మెయిజీ కాలంలో (1868–1912) విదేశీయులకు అమ్మడానికి చేసిన ఒకిమొనో అలంకరణ బొమ్మలకు తర్వాత రంధ్రాలు తొలిచి నెత్సుకే అని అమ్మినవి కూడా ఉన్నాయి. కొన్ని అసలైన నెత్సుకేలకు తొలిచిన రంధ్రాలే ఉండవు. కాళ్ళ మధ్య సందో, వంగిన తోక కిందనో తాడు పోయేలా చెక్కుతారు. రంధ్రం లేదని వెంటనే పక్కన పెట్టేయకుండా ఆ సందులో అరుగుదల ఉందేమో చూడండి.

తర్వాత అడుగుభాగం. దంతమైతే అడ్డుకోత పడిన చోట ష్రెగర్ గీతలు కనబడాలి. జల్లెడ అల్లికలా ఒకదాన్నొకటి వంపుగా దాటే సన్నని గీతలివి. ఏనుగు, మామత్ దంతాల్లో మాత్రమే ఉంటాయి. దంతం పైపొరకు దగ్గరగా ఈ గీతలు కలిసే కోణాల సగటు 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90 లోపైతే మామత్. మధ్యలో ఉంటే కోణం ఒక్కదాంతో తేల్చలేం. ఒకటి రెండు కోణాలు కొలిచి ఊరుకోవద్దు, కనీసం ఐదు చోట్ల కొలిచి సగటు తీయాలి. చిక్కేమిటంటే, నెత్సుకేలో అడ్డుకోత కనబడే చోటు నాణెమంత కూడా ఉండదు. పక్కల్లో నిలువుకోతే కనబడుతుంది, అక్కడ సమాంతరంగా సాగే అలల గీతలే ఉంటాయి. ఆ అలలు చూసి "ష్రెగర్ గీతలు లేవు కాబట్టి ప్లాస్టిక్" అని తీర్మానించేవారు తక్కువేం కాదు. ప్లాస్టిక్ నకలులో గీతలు అన్ని వైపులా ఒకే దిశలో, ఒకే దూరంలో కనబడతాయి. పక్క నుంచి అడుగుకు తిప్పినప్పుడు నిలువు గీత అల్లికగా మారిందా లేదా అన్నది చూడాలి. అసలు దంతంలో ఆ మార్పును దాచలేం.

ఎముకైతే సన్నని నల్ల చుక్కలు, అడ్డం తిప్పితే పొట్టి గీతలు. అవి రక్తనాళాల గొట్టాలు, వాటిలో మురికి చేరి నల్లబడతాయి. జింక కొమ్ములో ఎక్కడో ఒకచోట స్పాంజి లాంటి లోభాగం బయటపడుతుంది. అసకుసా శిల్పి కొకుసాయ్ లాంటివారు ఆ గుల్ల భాగాన్నే బొమ్మలో కలుపుకుని చెక్కారు కనుక అది లోపం కాదు. నీటిగుర్రం పంటిలో గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా, ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతాయి. వాల్రస్ దంతం లోభాగం చలువరాయి తునకలు అతికినట్టు మచ్చలుగా కనబడుతుంది.

రెసిన్ (అచ్చులో పోసే ప్లాస్టిక్) బొమ్మలు భూతద్దం కింద నిమిషంలో దొరికిపోతాయి. జుట్టు, వేళ్ళ సందుల్లాంటి చోట్ల గీతల అంచులు మెత్తగా కరిగినట్టుంటాయి, ఎందుకంటే అచ్చులోంచి వచ్చిన అంచుకు పదును ఉండదు. చంకల్లో, చెవుల వెనక గుండుసూది తలంత గాలిబుడగల గుంటలు. రెండు సగాల అచ్చయితే పక్కల్లో సన్నని అతుకు గీత, దాన్ని గరుకు కాగితంతో రుద్దిన ఆనవాళ్ళు. చేత్తో చెక్కినదాంట్లో లోతు గీత ఒక కొసన సన్నగా మొదలై నడుమ వెడల్పై మళ్ళీ సన్నబడుతుంది. ఉలి కదలిక అందులో తెలుస్తుంది. మోటారు బర్‌తో (తిరిగే కోత మొనతో) తీసిన గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పులో, అడుగున గుండ్రంగా ఉండి, బర్ వణికిన అడ్డచారలు కనబడతాయి.

కర్ర బొమ్మల్లో చూసి ఆనందించాల్సింది ఉకిబోరి. కప్ప ఒంటి మీది పొక్కుల్లాంటివి ఇలా చేస్తారు: మొద్దుమొన సాధనంతో కర్రను గుచ్చకుండా లోపలికి నొక్కి, చుట్టూ ఉన్న కర్రను ఆ గుంట అడుగుదాకా చెక్కేసి, తర్వాత నీళ్ళు తగిలిస్తారు. నలిగిన నార ఉబ్బి పొక్కుగా పైకి లేస్తుంది. భూతద్దం కింద ఆ పొక్కు చుట్టూ ఉలి కోత ఉండదు, కర్ర నార తెగకుండా పొక్కు మీదుగా సాగిపోతుంది. అచ్చులో ఇది రాదు. పొక్కు పక్కన కోత అంచు కనబడితే అది ఉకిబోరి కాదు, మామూలు చెక్కడం.

సంతకం (మెయి) ఆఖరున చూడమని నా గట్టి సలహా. ముందే చూస్తే కన్ను ఆ పేరుకి లొంగిపోతుంది. కియోటో శిల్పి తొమొతద చెక్కిన, పడుకున్న ఎద్దుల బొమ్మలకు నకళ్ళు వస్తున్నాయని 1781లో ఒసాకాలో అచ్చయిన 'సోకెన్ కిషో' అనే పుస్తకం అప్పుడే రాసింది. అంటే నకలు కూడా రెండువందల ఏళ్ళ పాతదై, హిమొతోషి చక్కగా అరిగి ఉండొచ్చు. పాతదన్న రుజువు వేరు, ఆ శిల్పిదన్న రుజువు వేరు, భూతద్దం మొదటిదే ఇవ్వగలదు. సంతకంలో చూడాల్సింది కోత తీరు. చేతి గీతకు మొదలూ చివరా లోతు మారుతుంది, అచ్చులో వచ్చిన అక్షరం ఒకే లోతులో ఉంటుంది. సంతకం గుంటల్లో మురికి చుట్టుపక్కల గుంటల్లో ఉన్నంతే ఉండాలి. చుట్టూ మురికి ముదిరి, సంతకం మాత్రం శుభ్రంగా ఉంటే అది తర్వాత చేర్చిందే. ఇవామి ప్రాంతపు శిల్పులు, సెయ్‌యోదో తొమిహరు (1733–1810) దారిలో, అడవిపంది కోర మీద వెంట్రుకవాసి అక్షరాలతో పొడవాటి రాతలు చెక్కారు. వాటిని చదవగలిగితే మీ లెన్సు మంచిదే.

365 నానోమీటర్ యూవీ టార్చి

బజారులో రెండు రకాలు దొరుకుతాయి, 395, 365 నానోమీటర్లు. 395 చవక. దాని వెలుగులో ఊదారంగు కంటికి కనబడేంత ఉండి, దంతం ఇచ్చే బలహీనమైన మెరుపును మింగేస్తుంది. దాని మీద డబ్బు పెట్టొద్దు. 365 రకంలో కూడా ముందు నల్లటి ఫిల్టరు గాజు ఉన్నదే తీసుకోండి. ఫిల్టరు లేనిది తెల్లకాగితం పక్కన బాగానే మెరిపిస్తుంది, అసలు పని దగ్గర తేలిపోతుంది.

వాడే పద్ధతి: గది చీకటి చేసి, కళ్ళు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు ఆగి, యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. నున్నటి వస్తువు మీంచి కిరణం తిరిగి కంట్లో పడుతుంది కాబట్టి కళ్ళద్దాల విషయంలో బద్ధకం పనికిరాదు. బొమ్మ కింద నల్లగుడ్డ ఉండాలి. టిష్యూ కాగితం, తెల్లచొక్కా, సబ్బుతో ఉతికిన రుమాలు ఇవన్నీ యూవీలో నీలంగా వెలిగి ఆ వెలుగును బొమ్మ మీదకు కొడతాయి. "నా దంతం భలే మెరిసింది" అనుకున్నవాటిలో కొన్ని ఆ రుమాలు మెరుపే. ఒక్కో వైపు కొన్ని సెకన్లు చాలు. రంగు వేసిన భాగాలకు, లక్కకు ఎక్కువసేపు యూవీ తగలడం మంచిది కాదు.

ఏం చెబుతుంది? దంతం నీలం కలిసిన తెలుపుగా వెలుగుతుంది. ఎముక కూడా దాదాపు అంతే, కాబట్టి రెండింటినీ ఈ టార్చి విడదీయలేదు. పాతబడిన దంతం పైపొర పసుపుగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఈమధ్య గీకిన చోటు, పగుళ్ళు దాచడానికి పాలిష్ పట్టిన చోటు ఆ పసుపు పోయి నీలంగా బయటపడుతుంది. చాలా దంతపు నకళ్ళు మసకనీలంగా ఉండిపోతాయి. తాగువా గింజ, అంటే వృక్షదంతం, కొంచెం నారింజ ఛాయ ఇస్తుంది.

పదార్థం తేల్చడానికి దీని మీదే ఆధారపడొద్దు. తెలుపు పెంచే రసాయనం కలిపిన రెసిన్ దంతాన్ని మించి వెలుగుతుంది. మైనం పూసి ఉంటే మెరుపు మారుతుంది. ఈ టార్చికి పెట్టిన డబ్బు తిరిగొచ్చేది మరమ్మతుల దగ్గర. విరిగిన చెయ్యి అతికించిన చోట జిగురు సన్నని వెలుగుగీతగా లేస్తుంది. షెల్లాక్ వార్నిష్ పూత నారింజరంగులో కనబడుతుంది. పొదిగిన కళ్ళలో ఒకటి వెలిగి రెండోది వెలగకపోతే, ఒకటి తర్వాత మార్చింది. కొత్త ముక్క అతికించి, రంగు కలిపి పోల్చుకోలేకుండా చేసిన తోకలు పగటి వెలుగులో భూతద్దానికి కూడా దొరకవు, ఇక్కడ దొరుకుతాయి. త్సుగే కర్ర దాదాపు వెలగదు, అందుకే కర్ర బొమ్మల మీద జిగురు గీతలు ఇంకా బాగా పట్టుబడతాయి. దంతం మీద జిగురుకీ దంతానికీ మెరుపు దగ్గర దగ్గరగా ఉండి కొన్ని అతుకులు తప్పించుకుంటాయి.

త్రాసు, వేడి సూది

దంతం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.7 నుంచి 1.9 గ్రాములు, రంగు కలపని పాలియెస్టర్ రెసిన్‌ది 1.2 ప్రాంతం. ఈ లెక్క చూపించి 0.01 గ్రాము త్రాసు కొనమంటారు. అచ్చు పోసేవారు రెసిన్‌లో రాతిపొడి కలిపి బరువు ఎంత కావాలంటే అంత తెప్పిస్తారు, కాబట్టి బరువుతో తేలేదేమీ లేదు. సాంద్రత కొలవాలంటే బొమ్మను నీటిలో ముంచాలి. దంతం నీరు పీల్చి ఉబ్బి, ఆరేటప్పుడు పగులుతుంది. కర్ర సంగతి ఉకిబోరి దగ్గర చెప్పిందే: నీళ్ళు తగిలితే నార లేస్తుంది, రంగు వదులుతుంది. త్రాసు కొనకండి.

వేడి సూది పరీక్ష ఇంకా ఘోరం. ఎర్రగా కాల్చిన సూది గుచ్చి ప్లాస్టిక్ కరుగుతుందా, దంతం వాసన వస్తుందా అని చూడమంటారు. అసలైన బొమ్మకు అది మానని మచ్చ. పాత సెల్యులాయిడ్ (తొలినాళ్ళ ప్లాస్టిక్) అయితే భగ్గున అంటుకుంటుంది. పైన చెప్పినవి ఓపికగా చూస్తే సూది అవసరం రాదు.

తేమ మీటరు

దంతం, కర్ర రెండూ తేమతో ఉబ్బి, పొడిగాలికి కుంచించుకుపోతాయి. నార దిశలో ఒక తీరుగా, అడ్డంగా మరో తీరుగా కదులుతాయి, పగుళ్ళు అందుకే. 45 నుంచి 55 శాతం తేమ మంచిది, ఇంకా ముఖ్యం అది ఒడిదుడుకులు లేకుండా నిలకడగా ఉండటం. చవక మీటర్లు ఐదారు శాతం అటూఇటూ చూపిస్తాయి, కాబట్టి కొన్నాక సరిచూసుకోవాలి. సీసామూతలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత నీళ్ళు చుక్కలుగా కలిపి (ఉప్పు పూర్తిగా కరగకూడదు), మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో మూసి పన్నెండు గంటలు ఉంచండి. మామూలు గది వేడిలో అది 75 శాతం చూపాలి. 70 చూపిస్తే ఎప్పుడూ ఐదు కలుపుకోండి.

అల్మరాలో సిలికా జెల్ పొట్లాలు పడేసి నిశ్చింతగా ఉండటం ప్రమాదం. మామూలు సిలికా జెల్ గాలిని 45 కంటే చాలా కిందకి ఎండగట్టేస్తుంది. గాజు అల్మరాలో వేడెక్కే బల్బులుంటే తీయించేయండి. పూర్తి చీకట్లో ఉంచిన దంతం కాలక్రమంలో పసుపెక్కుతుంది, ఎండ తగిలితే తెల్లబడి పగులుతుంది. నేరుగా ఎండ పడని గదిలో, మంద్రమైన వెలుగులో ఉంచడం మంచిది.

పరికరాలు తేల్చలేని విషయం ఒకటుంది. దంతపు నెత్సుకే నిజమైనదే అని తేలినంత మాత్రాన దాన్ని దేశాలు దాటించడం చట్టబద్ధం అయిపోదు. 1990 జనవరి నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం కింద అంతర్జాతీయ దంత వ్యాపారం మీద నిషేధం అమల్లో ఉంది. పాతవస్తువులకు మినహాయింపు కావాలంటే ఆయా దేశాల పత్రాలు ఉండాలి. బ్రిటన్‌లో 2018 నాటి దంతచట్టం 2022 జూన్ 6న అమల్లోకి వచ్చింది, పూర్తి దంతపు వస్తువుకు మినహాయింపు 1918కి ముందుదై, అసాధారణ కళా, సాంస్కృతిక లేదా చారిత్రక విలువ ఉన్నప్పుడే. యాహూ జపాన్ వేలంలో 2019 నవంబరు 1 నుంచి దంతం అమ్మకం ఆపేశారు. కొత్తగా మొదలుపెట్టేవారు త్సుగే కర్రతో మొదలుపెట్టడం నాకు నచ్చిన దారి. పత్రాల తలనొప్పి చాలావరకు ఉండదు, చెక్కడంలో ఏమాత్రం తక్కువ కాదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ పరికరాలు మీ చేతిలో ఉన్నా బొమ్మ ఉండదు. అప్పుడు అమ్మేవారిని నాలుగు ఫొటోలు అడగండి: రెండు హిమొతోషి రంధ్రాలు దగ్గరగా, అడుగుభాగం నేరుగా, సంతకం మీద పక్కనుంచి వెలుగు వేసి, చీకట్లో యూవీ కింద మొత్తం బొమ్మ. మొదటి మూడూ పంపి యూవీ ఫొటో దగ్గర ఆగితే టార్చి లేకపోవచ్చు, అది తప్పు పట్టాల్సిన సంగతి కాదు. ముఖం ఫొటోలు పది పెట్టి, హిమొతోషి ఫొటో అడిగితే తప్పించుకునేవారి దగ్గర మాత్రం కొనకండి.